కూత లేని పొగ

ఆరు నెలలుగా మూతపడి ఉన్న మిల్లు గొట్టంలోంచి ఆ సోమవారం పొగ లేచింది. లోపల మరమగ్గం ఒక్కటీ కదలలేదు.

పొగ పెట్టింది బాయిలర్ మనిషి. మూడు వందల మందిని ఇంటికి పంపిన యజమాని అతనొక్కణ్ణే మళ్లీ పిలిచాడు. దేశంలో వ్యాపారం మందగించిందని, మూతపడ్డ మిల్లులు తెరిస్తే పన్ను మాఫీ చేస్తామని సర్కారు ప్రకటించింది. జబ్బు దేశానిది, మందు మాత్రం యజమాని నోట్లో పోశారు. మిల్లు తెరిచినట్టు కనబడితే చాలు. గురువారం మంత్రి వచ్చి చూస్తాడు.

"పొగ రావాలి. షిఫ్టు కూత మాత్రం వద్దు, జనం వచ్చిపడతారు," అన్నాడు మేనేజరు.

రెక్కాడితే గాని డొక్కాడని ఇల్లు అతనిది. సరేనన్నాడు. టీ కొట్లో అతను కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. సొంత చెల్లెలు వీధిలో ఎదురై ముఖం తిప్పుకుంది. ఆమె మొగుడు మిల్లులో నేతగాడు. అతనైతే నిలదీశాడు.

"పని మొదలైందా బావా?"

"లేదు."

"మరి దేన్ని ఉడకేస్తున్నావ్, మా ఆకలినా?"

బాయిలర్ మనిషి మిల్లు దారి పట్టాడు. మాట్లాడే దిక్కులేక ఆ మూడు రోజులూ బాయిలర్‌తోనే మాట్లాడాడు. అంత ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

గురువారం మంత్రి వేదికెక్కి పొగను చూపించాడు. ఇక్కడ మూడు వందల కుటుంబాల్లో పొయ్యి వెలిగిందన్నాడు. మైకులో ఆ మాట బాయిలర్ గదిదాకా వినబడింది. తన చెల్లెలి పొయ్యి సంగతి అతనికి తెలుసు. ఇరవై రెండేళ్లుగా లాగిన కూత గొలుసు పట్టుకుని, ఉన్న ఆవిరంతా పోయేలా లాగాడు.

కూత విని పేట పేటంతా పని దొరికిందనుకుని పరుగెత్తుకొచ్చింది. కొందరి చేతుల్లో ఖాళీ క్యారియర్లు కూడా ఉన్నాయి. గేటు తోసుకుని లోపలికొస్తే మగ్గాల మీద వేలెడు దుమ్ము, ఎదురుగా పూలదండల వేదిక. అందరికీ అర్థమైంది. చెల్లెలు ముందుకొచ్చింది.

"మేమొచ్చాం. పని ఏదీ?"

ఆ ప్రశ్నను మూడు వందల మంది అందుకున్నారు. మంత్రి మైకు ఇక ఎవరికీ వినబడలేదు.

పోలీసులు బాయిలర్ మనిషిని రెక్కపట్టి బయటికి తెచ్చారు. లేని ఆశ పెట్టినందుకు జనం శాపనార్థాలు పెడతారని అతను తలెత్తలేదు. చెల్లెలు అడ్డుపడి అతని చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, రేపటి కూత మేం వేస్తాం."

మర్నాడు గొట్టంలో పొగ లేదు. సరిగ్గా షిఫ్టు వేళకు, లాకప్పులో ఒంటరిగా కూర్చున్న అతనికి మిల్లు వైపు నుంచి మూడు వందల గొంతులు ఒక్కటై వేసిన కూత వినబడింది. డ్యూటీకి లేచినట్టే లేచి నిలబడ్డాడు.