పైకప్పు మీద వీధి

నేను పరదాలు కుట్టే మనిషిని. కుర్చీలకు గుడ్డ తొడుగుతాను, మంచాలకు చాందినీలు కడతాను, ఎవరి గది ఎలా ఉండాలో వాళ్లకంటే ముందు నేనే చెప్పేస్తాను. మా ఊళ్లో పెళ్లి కుదిరితే ఫాదర్ దగ్గరికి ఒకసారి వెళ్తారు, పడకగది సంగతి మాట్లాడడానికి ఈ ఒబ్దూలియా కొట్టుకి మాత్రం వచ్చిపోతూనే ఉంటారు. గొప్పకు చెప్పుకోవడం లేదు, ఎవరినైనా అడగండి.

అలాంటి నా విద్య అంతా సొంత తమ్ముడి గదిలో బూడిదలో పోసిన పన్నీరైంది.

తమ్ముడు లెయాంద్రో ఎడ్లబండి తోలతాడు. చుట్టుపక్కల అందరూ ట్రాక్టర్లు కొనుక్కున్నా వాడు ఎడ్లను అమ్మలేదు. ఆగస్టు నడుమ మరియమాత పండుగకి కొండ మీది చిన్న చర్చి నుంచి తల్లి విగ్రహాన్ని ఊళ్లోకి తెచ్చేది ఎడ్లబండి మీదే, ఆ బండి తోలే హక్కు మా ఇంటిది. తాత తోలాడు, నాన్న తోలాడు, తర్వాత వీడు. మే నెలలో గడ్డి వేసుకొస్తూ బండి మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. వెన్నెముక చిట్లింది.

డాక్టరు మెడ నుంచి నడుము దాకా కట్టు కట్టి, వెల్లకిలా తప్ప మరోలా పడుకోకూడదన్నాడు. "ఎముక సంగతి నాకు బెంగ లేదు, అతుక్కుంటుంది. కానీ రోజూ చేతులు పైకెత్తాలి, కాళ్లు ఆడించాలి, కడుపునిండా తినాలి. అలా చెయ్యకపోతే మళ్లీ లేవడు," అని నన్నూ, వాడి పెళ్లాం కాసిల్డానూ గుమ్మం అవతలికి పిలిచి చెప్పాడు.

వాడు తినలేదు. చేతులు దుప్పటి మీద పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. వాడి ఎడ్లనే కట్టి ఈ ఏడు పండుగ బండి పక్కవీధి బసీలియో తోలతాడట అన్న కబురు వచ్చిన రోజు నుంచి మాట కూడా తగ్గిపోయింది. వాడు చూసేది ఒక్కటే, పైకప్పు.

తప్పు ఆ గదిదే అని నేను తేల్చేశాను. మా పాతకాలపు గది అది. రెండు జానలు పెట్టినా చాలనంత మందపు సున్నపు గోడలు, ఎర్రమట్టి పలకల నేల, ఎత్తయిన ఇనప మంచం, తలవైపు సిలువ, వీధి మీదికి బాల్కనీ, దానికి నిండు చెక్క తలుపులు. ఆరోగ్యంగా ఉన్నవాడికే దిగులు పుడుతుంది, రోగికి పుట్టదా?

ముందు దర్జాగా ఉండాలని కాస్తీయా దొరల పద్ధతిలో మొదలుపెట్టాను. చెక్కడపు పని చేసిన నల్లటి స్తంభాలు నిలబెట్టి, మంచం మీద ఎర్ర మఖమలు చాందినీ దించాను. వాడు చాలాసేపు దాన్నే చూశాడు.

"అక్కా, అప్పుడే శవపెట్టెలో పెట్టేశావా నన్ను?" అన్నాడు.

మఖమలు ఊడబెరికాను. సముద్రం అవతలి మూరుల పద్ధతి అయితే రంగులకు కొదవుండదు కదా అని పైకప్పు నిండా చారల గుడ్డ గుడారంలా బిగించి, బెజ్జాల ఇత్తడి దీపాలు వేలాడదీశాను. నా కొట్టుకి అంత అందం ఎప్పుడూ రాలేదు.

"ఒంటె ఎప్పుడొస్తుంది?" అన్నాడు వాడు. కళ్లు మూసుకున్నాడు.

నాకు పట్టుదల వచ్చింది. మాద్రిద్ నుంచి వచ్చే పత్రికలో ఉత్తరాది మంచుదేశాల ఇళ్లు చూపించాడొకడు. ఎటు చూసినా వెలుతురే, తెలుపే, గాజే. గుడారం దించేశాను. బాల్కనీ చెక్క తలుపులు ఊడదీయించి పశువుల కొట్టంలో పడేయించి, గాజు పెట్టించి, పల్చటి తెల్ల పరదా వేశాను. మా ఊళ్లో చెక్క తలుపులు లేని బాల్కనీ అంటే ఒంటి మీద నూలుపోగు లేకుండా వీధిలో నిలబడ్డట్టే. దారిన పోయేవాళ్లు తలెత్తి చూసి సిలువ గుర్తు వేసుకున్నారు. వేసుకోనీ అనుకున్నాను.

ఈసారి లెయాంద్రో ఏమీ అనలేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. అప్పుడు భయపడ్డాను నేను.

జూలై ఎండలు ముదిరాయి. గది రొట్టెల పొయ్యి అయిపోయింది. కాసిల్డా మెతక మనిషి, నేను ఏం చేసినా "సరే వదినా" అనేది. ఆ రోజు మాత్రం బకెట్టు నిండా సున్నంతో మెట్లెక్కి వచ్చింది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను, నీ దేశదేశాల గుడ్డలన్నీ మూట కట్టుకుని పట్టుకుపో. ఎండాకాలం వచ్చింది. మా అమ్మ ఏం చేసేదో నేనూ అదే చేస్తాను."

"మీ అమ్మ పద్ధతీ ఒక పద్ధతేనా?"

"మనిషి ఉడికి చావకుండా ఉండే పద్ధతి. జరుగు."

ఒళ్లు మండింది, కానీ జరిగాను. ఆమె పరదాలు లాగేసింది, గాజు మీద గోనె కప్పింది, పైకప్పుకీ గోడలకీ సున్నం కొట్టింది. సాయంత్రానికి గాజూ గోనే తీసేసి, కొట్టంలోంచి పాత తలుపులు తెచ్చి బిగించారు. అవి అక్కడ ఎండి ఎండి, ఒక రెక్కలో చెక్క ముడి ఊడిపోయి బఠాణీ గింజంత బెజ్జం పడింది.

మర్నాడు పొద్దెక్కాక వెళ్లేసరికి కాసిల్డా ఇల్లంతా మూసేసి, నేల మీద నీళ్లు చల్లింది. గది చీకటి గుయ్యారం. ఆ బెజ్జం ఒక్కటే చుక్కలా మెరుస్తోంది. వాడి కళ్లల్లో పడుతుందేమోనని సంచిలోంచి గుడ్డపీలిక తీసి, ఉండచుట్టి, బెజ్జం ముందుకి వెళ్లాను.

"అక్కా, పక్కకి తప్పుకో!" వారాల తర్వాత విన్న గొంతు అది. "మనుషులకి అడ్డొస్తున్నావ్!"

కాసిల్డా గ్లాసు కింద పెట్టి వాడి నుదురు ముట్టి చూసింది. జ్వరం తలకెక్కిందనే ఇద్దరం అనుకున్నాం. "ఏ మనుషుల్రా?" అన్నాను మెల్లగా.

"పైన చూడు. హెర్మినియా గుడ్డల గంప ఎత్తుకుని పోతోంది."

చూశాను. ముందు ఏమీ కనపడలేదు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, తడి ఆరీ ఆరని ఆ సున్నం మీద వీధి ఉంది. మా వీధి. ఎదురింటి గోడ, దాని మీద ఎర్ర పూల కుండీలు, పక్కనే మందుల కొట్టు పచ్చ బోర్డు, అన్నీ తలకిందులుగా. చాకలి హెర్మినియా, నెత్తిన పసుపుపచ్చ గంపతో, కాళ్లు పైకి పెట్టి బల్లిలా పైకప్పు మీద నడిచిపోతోంది. ఆమె వెనక ఒక కుక్క. మూలకి వచ్చేసరికి ఇద్దరూ వంగి, సాగి, మాయమైపోయారు. కింద గోడ మీద నీలంగా ఆకాశం పరుచుకుంది. అందులో ఒక పిట్ట కిందికి ఎగిరింది.

నేను మంచం పట్టీ మీద కూలబడిపోయాను. నా జన్మంతా గదులకి రంగులు కూర్చుకుంటూ బతికినదాన్ని. ఇన్ని రంగులు ఒక గింజంత బెజ్జంలోంచి, ఎవరూ తేకుండా, ఎవరూ కట్టకుండా వాటంతటవే నడుచుకుంటూ లోపలికి వచ్చేస్తుంటే ఏం చెయ్యాలి? ఏడుపొచ్చింది. కాసిల్డా మోకాళ్ల మీద ఉంది. ఎప్పుడు కూర్చుందో చూడలేదు.

"వెలుతురు సన్నటి కన్నంలోంచి వస్తే ఇలాగే తిరగబడుతుంది," అన్నాడు సాయంత్రం వచ్చిన డాక్టరు. ఆయనకి తెలిసిన సంగతే అయినా పొద్దు వాలేదాకా నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నాడు, ఇంకో రోగి దగ్గరికి వెళ్లడం మర్చిపోయాడు.

ఆ రోజు నుంచి లెయాంద్రో మాట్లాడాడు. ఫాదర్ కొత్త బూట్లు వేసుకున్నాడనీ, మందుల కొట్టాయన పెళ్లాం చూడకుండా సిగరెట్టు కాలుస్తున్నాడనీ ఊరి గుట్టంతా మాకు చెప్పేవాడు. "ఊరందరూ తలకిందులే అక్కా, సరిగ్గా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే," అని నవ్వేవాడు. చల్లటి టమాటా చారు, గాజ్‌పాచో, చెంచాతో పడితే గ్లాసుడు తాగేవాడు. కానీ చెయ్యి మాత్రం ఎత్తలేదు. "ఎత్తి ఏం చెయ్యాలి? ముల్లుగర్ర పట్టాలా?" అనేవాడు. డాక్టరు వచ్చి చూసిన ప్రతిసారీ భుజాలు నొక్కి, బిగుసుకుపోతున్నాయని మొహం చిట్లించేవాడు.

పండుగ దగ్గరపడింది. ముందురోజు వాడు నన్ను పిలిచాడు.

"రేపు ఆ బెజ్జం మూసెయ్యి."

"ఎందుకురా?"

"నా ఎడ్లు ఇంకొకడి చేతి కింద నడిచిపోతుంటే చూడలేను. నీ గుడ్డపీలిక పెట్టి మూసెయ్యి."

పండుగ మధ్యాహ్నం, గంటలు దూరంగా వినపడుతుండగా, "అక్కా, ముయ్యి," అన్నాడు మళ్లీ.

పీలిక నా చేతిలోనే ఉంది. లేచాను. బెజ్జం దాకా వెళ్లాను. నా వల్ల కాలేదు.

"నేను ముయ్యను. చూడనంటే కళ్లు మూసుకో, రెప్పలు నీవేగా!" అని పీలిక నేలకేసి కొట్టాను.

వాడు కళ్లు మూసుకున్నాడు. మేమిద్దరం మెడలు వెనక్కి వాల్చి చూస్తూ ఉండిపోయాం.

ముందు గుర్రాలు వచ్చాయి, తర్వాత చుక్కల గౌన్ల ఆడపిల్లలు. ఆ తర్వాత పైకప్పు మూలలోంచి వెండిలా ఏదో జిగేలుమంది. తల్లి వస్తోంది. నీలం వస్త్రం, బంగారు కిరీటం, బండి నిండా తెల్ల పూలు. తలకిందులుగా వేలాడుతున్నా ఒక్క పువ్వు రాలడం లేదు. ప్రతి ఏడూ వీధిలో నిలబడి తలెత్తి చూసే తల్లి, ఈ ఏడు తానే మెట్లెక్కకుండా మా తమ్ముడి పడకగదిలోకి వచ్చింది. పెదాలు కదిలాయి గానీ ప్రార్థన గుర్తు రాలేదు.

సరిగ్గా మా గుమ్మం ముందు బండి ఆగింది.

ఆ బండి దారిలో ఆగకూడదు. కొండ దగ్గర కదిలితే పెద్ద చర్చి దగ్గరే ఆగాలి. ఎన్నడూ ఆగలేదు. కానీ కుడివైపు ఎద్దు లుసేరో, నుదుట తెల్లచుక్క ఉన్నది, తన ఇల్లు చూసుకుని నిలబడిపోయింది. బసీలియో అదిలించాడు. ఎద్దు కదల్లేదు. పాటలు ఆగిపోయాయి. "ఒరేయ్ బసీలియో, దానికి నీ మొహం నచ్చలేదురా!" అని ఎవడో అరిచాడు. ఇంకెవరూ నవ్వలేదు. "తల్లి ఆగిపోయింది," అని ఒక ముసలమ్మ ఏడవడం వినపడింది. బసీలియో ముల్లుగర్ర ఎత్తాడు.

"పొడవకురా!"

లెయాంద్రో కళ్లు తెరిచే ఉన్నాడు. ఎప్పుడు తెరిచాడో! వాడి కుడిచెయ్యి దుప్పటి మీంచి లేచింది. వణుకుతూ, ఆగుతూ, మళ్లీ లేస్తూ, బెజ్జంలోంచి వచ్చే వెలుతురు దారిలోకి వెళ్లింది. అంతే, పైకప్పు మీద ఎద్దు తల మాయమైంది. వాడి అరచేతిలో ఉందది. చిన్నగా, ఇంకా ప్రకాశంగా, కొమ్ములతో సహా. నుదుటి తెల్లచుక్క వాడి బొటనవేలి కింద మెరిసింది. ఆ తల అటూ ఇటూ ఊగింది.

కాసిల్డా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లెయాంద్రో గుండెనిండా ఊపిరి పీల్చాడు. కట్టు కింద ఎంత నొప్పి పుట్టిందో నాకు తెలీదు. వీధి చివరిదాకా వినపడేలా పిలిచాడు.

"హో, లుసేరో! హో నాయనా, పద! అమ్మని ఇంటికి తీసుకెళ్లు!"

అరచేతిలో చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎద్దు అడుగేసింది. కొమ్ములు, మెడ, కాడి, పూలు, నీలం వస్త్రం, ఒకటి తర్వాత ఒకటి వాడి చేతి మీదుగా కదిలిపోయాయి. బయట ఊరంతా ఒక్కసారి కేక పెట్టింది. బండి చప్పుడు దూరమైపోయినా వాడు చెయ్యి దించలేదు. ఖాళీ అరచేతిలో ఎదురింటి పూల కుండీ ఒకటి వెలుగుతోంది.

"కాసిల్డా, ఆకలేస్తోంది," అన్నాడు. "చెంచా నాకియ్యి. నేనే తింటాను."