క్యాంపు మార్చిన రోజు

డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతున్న వనజకు పక్క డాబా మీద శ్రీవాణి తల కనిపించగానే ఒళ్లు బిగుసుకుంది. వనపర్తిలో మే నెల ఎండ పొద్దున్నే నెత్తి మీదికి వస్తుంది. అంతకన్నా ముందు శ్రీవాణి ప్రశ్న వస్తుంది.

"ఏం వదినా, ఎట్లుంది మీ ఇంగ్లీషు క్యాంపు?"

"మస్తుంది. మా ధన నిన్న మైకు పట్టుకొని మాట్లాడింది."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో వనజకే తెలియలేదు. కూతురు ధనలక్ష్మి మైకు ముట్టుకోలేదు. క్యాంపులో చేర్చిన నాటి నుంచి వెనక వరసలో కూర్చొని గౌను అంచును వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం, మళ్లీ చుట్టుకోవడం. కిటికీలోంచి వనజ తన కళ్లతో చూసింది.

"అబ్బో! మా శివ అయితే కరాటేల పెంకు పగలగొట్టిండు. ఒక్కటే దెబ్బ."

"చేతితోనా?"

"మరి? తలకాయతోనా వదినా?" శ్రీవాణి పకపకా నవ్వింది.

వనజ కూడా నవ్వింది. గరిటెతో పోసిన వడియం వంకరపోయింది.

వేసవి సెలవులకు బడి మూసేముందు టీచరు పిలిచి చెప్పిన మాట ఆమెను వదలడం లేదు. 'పాప రాత బాగుంది. నోరే తెరవదు. జూన్‌లో ఒకసారి అడిగి చూస్తాం. జవాబు చెప్పకపోతే మళ్లీ రెండో తరగతే.' అలాగని పిల్లకు మాటలు రాకపోలేదు. సాయంత్రం పక్కింటి మెట్ల మీద శివతో కూర్చుంటే ఆ గొంతుకు అలుపుండదు. పెద్దవాళ్లెవరైనా అటు వచ్చారా, కట్టేసిన కుళాయి. శ్రీవాణి అన్నం తిన్నావా అని అడిగినా ఇంతవరకు తల ఊపడమే.

"పిల్లకు నోరు లేకుంటే నీకేం పరేషాన్?" అంటుంది కోడేరు నుంచి వచ్చిన అత్త జానకమ్మ. "నీకున్నది ఇద్దరికి సరిపోదా?"

వనజ కోపం పిల్ల మీద కాదు. ఆ మౌనం ఎదురుగా నిలబడి తన గురించే ఏదో చెబుతున్నట్లుంటుంది. అదేమిటో వినకముందే తను గబగబా మాట్లాడేస్తుంది. మాట్లాడిన ప్రతిసారీ ఒక అబద్ధం పెరుగుతుంది.

ఆ రోజంతా పెంకు ఆమె తలలో పగులుతూనే ఉంది. కరాటేలో పిల్లలు దెబ్బ దెబ్బకూ అరుస్తారట. అరుపుతోనైనా గొంతు తెరుచుకోదా? ఇంగ్లీషు సారేమో "ఫ్రీగా మాట్లాడాలమ్మా" అంటూనే ఇంగ్లీషులో గద్దిస్తాడు. ఎవరు మాట్లాడతారు?

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పిల్లను కరాటే గ్రౌండుకు తీసుకుపోయింది. శివ పక్కన నిలబెడితే తొందరగా కలిసిపోతుందని కూడా ఆశ. తెల్ల బట్టల వరసలన్నీ రెండుసార్లు వెతికింది.

"శివ ఏడి సార్?"

"ఆ బాబును నిన్ననే బంద్ చేసిండ్రమ్మా," అన్నాడు మాస్టరు. "ఇంగ్లీషు క్యాంపుల ఏస్తరంట. అక్కడ ఎవరో పాప మూడు దినాల్లనే మైకు పట్టుకున్నదంట గదా."

వనజకు ఎండ ఒక్కసారిగా చెవుల్లోకి దిగినట్లయింది. ఆ పాప ఆమె చెయ్యి పట్టుకొనే ఉంది. నేల వైపు చూస్తూ ఉంది. ఇంగ్లీషు క్యాంపుకు వెనక్కి తీసుకుపోదామా? తీసుకుపోతే అక్కడ శ్రీవాణి ఉంటుంది. ఏమని చెప్పాలి? చెప్పలేక, పిల్లను వరసలో నిలబెట్టి ఇంటికి వచ్చింది. దారంతా శ్రీవాణిని తిట్టుకుంది. ఎవరో అన్న మాట పట్టుకొని పిల్లగాన్ని మార్చేస్తారా, బుద్ధి ఉండొద్దూ? సందు మలుపు తిరిగాక గాని తను చేసిందీ అదేనని తట్టలేదు. తట్టినా కోపం తగ్గలేదు.

క్యాంపు వదిలే వేళకు పోతే మాస్టరు ఎదురొచ్చాడు. ముఖం ముడుచుకొని ఉన్నాడు.

"మీ పాప మాట్లాడిందమ్మా."

"మాట్లాడిందా! ఏమన్నది?"

"రేపటి నుంచి రానన్నది. అందరి ముందట, గట్టిగ. ఇంకో నలుగురు కూడ రామంటున్నరు."

సంతోషపడాలో సిగ్గుపడాలో వనజకు అర్థం కాలేదు. పిల్ల చెయ్యి పట్టుకొని గబగబా నడుస్తుంటే చౌరస్తా దగ్గర ఇంగ్లీషు క్యాంపు నుంచి వస్తున్న శ్రీవాణి, శివ ఎదురయ్యారు. శివ కళ్లు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. ధన ఏ దిక్కు నుంచి వస్తోందో చూసి శ్రీవాణికి విషయం అర్థమైంది.

"కరాటేకు మార్చినవా వదినా? చెప్పనే లేదు! ఎట్లుంది మరి?"

"మస్తుంది," అంది వనజ. ఆ మాట ఆమెను అడగకుండానే వచ్చేసింది. "ఒక్క పూటకే నోరు తెరిచింది. మాస్టరే మెచ్చుకుండు."

"మెచ్చుకోలే."

వనజ కిందికి చూసింది.

ధన శ్రీవాణి ముఖంలోకి నేరుగా చూస్తూ అంది. "తిట్టిండు. నేను రేపు రానన్న. మైకు గూడ పట్టుకోలే నేను. అమ్మ ఉత్తగనే చెప్పింది."

శివ చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "నేను గూడ పెంకు పగలగొట్టలే. మాస్టరు పగలగొట్టిండు. ముక్క చేతికి తాకిందని నేను ఏడ్చిన."

"నోరు ముయ్‌రా!" అంది శ్రీవాణి.

వనజ కూడా అదే అనబోయింది. నెలరోజుల నుంచి ఎవరి నోరు తెరిపించాలని తిరిగిందో ఆ నోటిని ముయ్యమనడానికి పెదవులు కదిలాయి. కొంగుతో మూతి తుడుచుకొని ఆగిపోయింది.

పిల్లలిద్దరూ చేతులు విడిపించుకొని ముందు నడిచారు. శివ ఏదో అడుగుతున్నాడు. ధన రోడ్డు మీద పోయేవాళ్లందరికీ వినబడేటట్లు, మాస్టరు గొంతును అనుకరిస్తూ జవాబు చెబుతోంది.

"మీ పిల్ల మాట్లాడతదే వదినా," అంది శ్రీవాణి.

"మాట్లాడతది," అంది వనజ విసుగ్గా. "జూన్ల టీచరు ముందట గూడ గిట్లనే మాట్లాడితే సాలు. నా గురించి ఏం చెప్తదో గని."

శ్రీవాణి నవ్వలేదు. రేపు మన పిల్లలను ఏ క్యాంపుకు పంపుదామని కూడా అడగలేదు. ఇల్లు వచ్చేదాకా ఇద్దరూ కొంగులు నెత్తిన కప్పుకొని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, పిల్లల మాటలు వింటూ నడిచారు.