పోనీ అన్న మాట

మాచవరానికి ఎగువనున్న గోపాలకృష్ణయ్యగారి నిమ్మతోటలో ఉదయపు పనులకు ఒక వరుస ఉండేది. కాపలాదారు జాన్ సాహెబ్ ముందు గేదెలను విప్పేవాడు. ఆ తరువాత కుంటను విడిచేవాడు. గట్టు మీద నిలబడి "పోయి రామ్మా" అనేవాడు. కుంట తన చేపలతో, కలువతీగలతో సహా మెల్లగా లేచి, డొంక వెంట కృష్ణానది వైపు మేతకు సాగేది. పొద్దు వాలే వేళకు కడుపు నింపుకొని, గేదెల వెనుకే వచ్చి తన గుంటలో సర్దుకొనేది. దారిన ఎదురైనవారు చెప్పులు చేతబట్టుకొని పక్కకు తప్పుకొనేవారు.

అతని భార్య జైనాబ్ బీ పాదులు తవ్వేది. కొంగలు గూళ్లు కట్టిన తుమ్మల మొదళ్లకు పిల్లులు ఎక్కకుండా ముళ్లకంప చుట్టేది. నాపరాయి వ్యాపారులు తోటను అడిగినప్పుడల్లా, నీళ్లున్న నేలను రాయికి అమ్మనని గోపాలకృష్ణయ్యగారు నరసరావుపేట నుంచే చెప్పి పంపేవారు. పిల్లలూ, వేరే గూడూ లేని ఆ దంపతులకు ఆ మాటే ఆధారం.

ఎనభై అయిదు వేసవిలో జాన్ సాహెబ్ దగ్గుతో మంచం పట్టి కన్నుమూశాడు. జనాజా లేచే వేళకు కుంట గట్టు అంచుదాకా వచ్చి ఎదురుచూస్తోంది. గేదెలను విప్పడానికి వచ్చిన పక్కచేను బాలకోటయ్య వాకిట నిలబడ్డాడు.

"అక్కా, కుంట కదలతా ఉంది. ఏం జెప్పమంటావ్?"

జైనాబ్ బీ తల ఎత్తలేదు.

"పోనీ తమ్ముడూ."

ఏదైతే అదవుతుంది, ఇవాళ నన్నడగకు అని ఆమె భావం. బాలకోటయ్య విన్న మాట విన్నట్టే గట్టు మీద అందించాడు. కుంట పోయింది. సాయంత్రం గేదెలు మాత్రమే వచ్చాయి.

బాలకోటయ్య ఏటి ఒడ్డంతా వెతికి వచ్చాడు. "ఏట్లో నీళ్లన్నీ ఒక్కతీరుగానే ఉండయ్యక్కా. మనయ్యేయో ఎట్టా ఆనవాలు పట్టేది? నా నోట్లో మన్నుబడ, ఆ 'రా' ముక్క తగిలించినా సరిపోయేది."

"మాట నాది. నీ నోరేం జేసింది" అందామె.

ఆనాడు గట్టు మీద ఎండకాచుకుంటూ తాబేళ్లు కొన్ని వెనుకబడిపోయాయి. వాటికోసం ఆమె బోరింగు నుంచి బిందెలు మోసి గుంటలో పోసింది. రెండో బిందె తెచ్చేలోపు మొదటిది ఇంకిపోయేది. కొంగపిల్లలు ఒక్కొక్కటే గూళ్లలోంచి రాలాయి. ఆమె ఏటివైపు తిరిగి "రా, రా" అని పిలిచేది. పంపేటప్పుడు పలకని మాట తరువాత ఎంత పిలిచినా అందలేదు.

గోపాలకృష్ణయ్యగారు వచ్చి ఎండిన గుంటలోకి చాలాసేపు చూశారు.

"ఇక ఆ రాయి వ్యాపారులను ఏం చెప్పి పంపను, జైనాబ్?"

తోట రాయికి పోయింది.

మాచవరంలో సైకిలు షాపు నడిపే తమ్ముడు అబ్దుల్ హమీద్ ఆమెను తీసుకుపోవడానికి వచ్చాడు. గేటు దాటుతూ ఆమె అలవాటుకొద్దీ గుంటవైపు తిరిగి, "పోయొస్తా" అంది.

"ఎవరికి జెప్తున్నావ్ ఆపా? ఏముంది ఆడ?" అని అతడు విసుక్కున్నాడు.

'వస్తా' అన్న మాట ఉండిపోయింది. మర్నాడు సాయంత్రం, మరదలు అన్నం వడ్డిస్తూ ఉండగానే, జైనాబ్ బీ కాళ్లు లేచి తోటదారి పట్టాయి. తమ్ముడు వెనక్కు తెచ్చాడు, బతిమాలాడు, గొళ్లెం పెట్టాడు. ఆమె చెమ్మలా గడప కిందుగా బయటికి వచ్చేది. చివరకు వాళ్లు ఆమె పళ్లెం పెట్టడం మానుకున్నారు.

ఇప్పుడు ఆ తోటలో నిమ్మచెట్లు లేవు. పొద్దు వాలగానే ఆమె వచ్చి గుంట నడుమ కూర్చుంటుంది. రాతిపొడి ఆమె తల మీద పడుతూ ఉంటుంది. మిగిలిన తాబేళ్లు నిదానంగా దిగివచ్చి, ఆమె చీరచెరగు తడిలో తలలు ముంచుకుంటాయి.

పొద్దున్నే బాలకోటయ్య గేదెలను తోలుకుపోతూ గట్టు దగ్గర ఆగుతాడు. ఒక్కసారికైనా ఆ చివరి ముక్క అతడు మరిచిపోతాడేమోనన్న ఆశతో ఆమె తలెత్తి చూస్తుంది.

"పోయి రా, అక్కా" అంటాడు బాలకోటయ్య, 'రా'ను విడిగా, గట్టిగా పలుకుతూ.