ముందు దేవుళ్లు, తర్వాత పెళ్లిళ్లు

“బోణీ అయింది గద అత్తమ్మా! బీచుపల్లి ఆంజనేయస్వామి ఎక్కిండు, శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి ఎక్కిండు. ఇగనన్న ఆ చిన్న ఫోల్డర్ ఎక్కించుకోనియ్యి” అంది ఉమారాణి. పొద్దున్నుంచీ అదే మాట రకరకాలుగా అంటోంది.

“దేవుండ్ల ఎనుక పెండ్లిండ్లు. పెండ్లిండ్ల ఎనుక పుట్టెంట్రుకలు, చీరల ఫంక్షన్లు. గవన్నీ అయినంక పోయినోళ్లు” అంది జోగులమ్మ, చేటలో వేరుశనగ కాయల మీంచి తల ఎత్తకుండానే.

“నాయనమ్మా, కంప్యూటర్ల గూడ వాస్తు ఉంటదా? డి డ్రైవు ఏ మూలకొస్తది, ఈశాన్యమా?” కాలేజీ బ్యాగు సర్దుకుంటూ అంది వర్ష.

“నవ్వు బిడ్డా, నవ్వు. నీకేం తెలుస్తది.”

నరేందర్ పాత కంప్యూటర్‌ను కొత్తదానికి కలిపిన వైర్లు సరిచేస్తున్నాడు. “ఎట్లయినా అన్నీ ఎక్కుతయి. ముందైతే ఏంది, ఎనుకైతే ఏంది?” అన్నాడు.

“గట్లయితే ముందే ఎక్కియ్యరాదు?” అంది ఉమారాణి.

అతను భార్య వైపు కాకుండా తల్లి వైపు చూశాడు. తర్వాత పెళ్లిళ్ల ఫోల్డర్ తెరిచాడు.

పెబ్బేరు సంతకు పోయే దారిలో వాళ్ల ఇంటి ముందుగదే ఫోటో స్టూడియో. నరేందర్ ఫోటోలు తీస్తాడు, ఉమారాణి కార్డులు, ఫ్లెక్సీలు తయారుచేస్తుంది. పాత కంప్యూటర్ ఎప్పుడో ముసలిదైపోయింది. పక్క మూత తీసి, టేబుల్ ఫ్యాను పెట్టి నడుపుతున్నారు. అందులో ‘పోయినోళ్లు’ అనే ఫోల్డర్ ఉమారాణిది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా చనిపోతే ఇంటివాళ్లు ఆధార్ కార్డో, పెళ్లి గుంపులో నిలబడ్డ మసక ఫోటోనో పట్టుకొస్తారు. ఆమె ఆ ముఖాన్ని జాగ్రత్తగా కత్తిరించి, వెనక నీలంరంగు వేసి, మగవాళ్లకు తెల్లచొక్కా, ఆడవాళ్లకు అంచుచీర తొడుగుతుంది. ఏడాది తిరిగాక వాళ్లే మళ్లీ వస్తారు. “పోయినేడు చేసినవ్ గద బిడ్డా, గదే ఫోటో” అంటారు. పుణెకో, ముంబైకో పనికి పోయి వచ్చేవాళ్లు. ఫోన్లు పగులుతాయి, కార్డులు తడుస్తాయి. ఫోటో మాత్రం ఉమారాణి దగ్గర ఉంటుందని వాళ్ల ధీమా.

ఆ ఫోల్డర్లోనే లక్ష్మణ్ కూడా ఉన్నాడు.

లక్ష్మణ్ నరేందర్ తమ్ముడు. స్టూడియో మొదలుపెట్టింది అతనే. ఊరందరినీ ఫోటోలు తీసినవాడికి తన ఫోటోలంటూ లేవు. ఉన్నవల్లా లైటు చూసుకోవడానికి తీసినవే. గిరాకీ కూర్చోకముందు తనే స్టూలు మీద కూర్చుని, “అన్నా, కొట్టు” అనేవాడు. ఒకదాంట్లో నాలుక బయటపెట్టాడు. ఒకదాంట్లో ఏడుపుముఖం. ఒకదాంట్లో వర్షను, అప్పటికి పాలుతాగే పిల్లను, తలమీద కుండలా పెట్టుకున్నాడు. మామూలుగా అలాంటివి ఎప్పటికప్పుడు తీసేస్తారు. ఉమారాణికి ఎందుకో చేతులు రాలేదు. హైవే మీద అతని బండిని లారీ కొట్టాక, అవన్నీ వెతికి ఒకచోట చేర్చింది. గోడకు దండేసి ఉన్నది మాత్రం బిగుసుకున్న పాస్‌పోర్టు ఫోటో. అతనిలా ఉండదు. జోగులమ్మ అప్పుడప్పుడు వచ్చి, “జర చిన్నోన్ని తియ్యి” అనేది. ఉమారాణి తెరపై ఒక్కొక్కటే తిప్పేది. ఆ నాలుక బయటపెట్టిన ఫోటో దగ్గర జోగులమ్మ, “కోతి” అనేది, ప్రతిసారీ.

మరి ఆ ఫోటోలు ముందు ఎక్కించవద్దని ఎందుకంటోంది? అదీ ఉమారాణికి తెలుసు. ఫ్లెక్సీలు కొట్టే మిషను కొన్నరోజు కొబ్బరికాయ కొట్టి, దేవుడి బొమ్మ తీద్దామనుకుంటుండగానే ఎవరో ఏడుస్తూ వచ్చారు. అర్జంటుగా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలన్నారు. లక్ష్మణ్ కాదనలేక కొట్టిచ్చాడు. కొత్త మిషను మీద మొదటి బొమ్మ అదే. ఆ ఏడాది లోపలే అదే మిషను మీద అతని ఫ్లెక్సీ వచ్చింది. జోగులమ్మ ఆ రెంటినీ కలిపి ముడివేసుకుంది. ఇప్పుడు ఈ కొత్త కంప్యూటర్ ముందు కూర్చునేది నరేందర్, ఉమారాణి, సెలవుల్లో వర్ష. ఉన్నవాళ్లను కాపాడుకోవాలని ఆమె తాపత్రయం.

పెళ్లిళ్ల ఫోల్డర్లు పెద్దవి. మధ్యాహ్నానికి కూడా తెమల్లేదు. అన్నాలు తిని వచ్చేసరికి పాత కంప్యూటర్ లోపలి నుంచి ‘టక్... టక్’ అని చప్పుడు. ఉమారాణి చెయ్యి తడి తుడుచుకోకుండానే పరుగెత్తింది.

“ఇది ఆపెయ్యి. చప్పుడు బాగలేదు. నా ఫోల్డర్ చిన్నది, చాయ్ తాగినంత సేపు పట్టదు” అంది.

“ఏం నడుస్తుంది?” అడిగింది జోగులమ్మ.

“మద్దిలేటి వాళ్ల బిడ్డ పెండ్లి. సగం అయింది” అన్నాడు నరేందర్.

“పెండ్లి సగంల ఆపుతరా ఎవరన్న? కానియ్యి. గది అయినంక ఎక్కించుకోండ్రి. నేనేం అనను.”

“అత్తమ్మా, ఇది పెండ్లి కాదు, ఫోటోలు.”

“ఎవరి పెండ్లయినా పెండ్లే.”

ఉమారాణి మౌసు మీద చెయ్యి వేసింది. నరేందర్ మెల్లగా ఆ చెయ్యి పక్కకు జరిపాడు. “ఒప్పుకుంది గద, జర ఆగు. గింత సేపట్ల ఏమైతది?” అన్నాడు. అతని గొంతులో విసుగు కూడా లేదు. ఇద్దరినీ నొప్పించకుండా ఉండాలన్న పాత అలవాటు, అంతే. ఉమారాణి ఆగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, తను ఎందుకు ఆగిందో ఆమెకు అర్థంకాలేదు.

తాళి కట్టే ఫోటోలు ఎక్కుతుండగా తెర నల్లబడింది. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

వనపర్తిలో చూపించారు. డిస్కు పోయిందన్నారు. హైదరాబాదు పంపించారు. అక్కడా ఏమీ దక్కలేదు, పంపిన అట్టపెట్టెలోనే అది తిరిగివచ్చింది. ఇన్నాళ్లూ ఇంకో కాపీ తీసిపెట్టుకోవాలని ఎవరికీ తోచలేదా అని అక్కడివాళ్లు అడిగారట. పెట్టె ఇంటికొచ్చాక నరేందర్ దాన్ని అటక మీద పెట్టాడు. జోగులమ్మ చిన్నోన్ని తియ్యమని మళ్లీ అనలేదు. స్టూడియోలోకి రావడమే మానేసింది.

సంత రోజు ఎస్తేరమ్మ వచ్చింది. బెంగళూరు నుంచి నిన్ననే దిగిందట, సంచి ఇంకా భుజానికే ఉంది.

“మా ఇంటాయన మాసయ్య ఫోటో కావాలె ఉమమ్మా. ఆదివారం ఇంటికాడ ప్రార్థన కూడిక పెట్టుకున్నం. నువ్వు తెల్ల సొక్క ఏసినవ్ సూడు, గది. బతికినన్నాళ్లు గసొంటి సొక్క ఎయ్యలె పాపం.”

“ఇంట్ల ఉండాలె గద అక్కా, పోయినేడు పెద్దది కట్టించుకుంటివి?”

“వానకు ఇల్లు ఉరిసి ఖరాబాయె. నీ తాన ఉంటది గద అని ఫికరు పడలె.”

“సిస్టం ఖరాబైంది. రేపు రా అక్కా” అంది ఉమారాణి.

“రేపొస్త. ఏం లేదు, తొందరేం లేదు” అని ఎస్తేరమ్మ వెళ్లిపోయింది. ఉమారాణి వెనక్కి తిరిగితే, లోపలి గడప దగ్గర జోగులమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

సాయంత్రం అందరూ తింటున్నప్పుడు నరేందర్ అన్నాడు. “ఎవరన్న అడిగితే కరెంటు ఎక్కువొచ్చి కాలిపోయిందని చెప్దాం. ఒక్కటే మాట చెప్పాలె అందరం.”

ఉమారాణి కంచంలో చెయ్యి ఆపింది. వర్ష తండ్రిని, తల్లిని మార్చి మార్చి చూసింది.

“కరెంటు కాదు” అంది జోగులమ్మ. రొట్టె తుంచి, తినకుండా కంచంలోనే పెట్టింది. గొంతు పెంచలేదు. “రేపటి సంది దుకాణంల నేను కూసుంట. పోయినోళ్ల ఫోటోకు ఎవరొచ్చినా మీరెవ్వరూ మాట్లాడొద్దు. నేనే చెప్త.”

“నువ్వెందుకమ్మా...” అన్నాడు నరేందర్.

“పెండ్లి ఆపొద్దన్నది నేను. తిడితే నన్ను తిడ్తరు. ఎస్తేరమ్మ పొద్దుగాలనే వస్తది. వర్షా, లైటు కింద ఆ స్టూలుంది సూడు, దాన్ని తెచ్చి తలుపు కాడ ఎయ్యి.”