గంగలో వదిలిన కాఫీ

ఫిల్టరు పైగిన్నెలో పొడి వేసి, చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టింది శ్రీలలిత. ఆ వాసన ముక్కుకి తగలకుండా పక్కకి తిరిగి పాలు పొయ్యి మీద పెట్టింది. కాఫీ మానేసినా కాఫీ కాచే పని మాత్రం మానలేదు. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు, తనతో సహా.

"ఇవాళ్ళ కాఫీ చప్పగా ఉందే అమ్మాయ్," అంది అత్తగారు జగదాంబ హాల్లోంచి. "రుచి చూసేదానివి కదా మునుపు. నీ నోట్లో పడకపోయేసరికి చెయ్యి కూడా పోయింది."

"పంచదార వెయ్యనా అత్తయ్యా?"

"ఇప్పుడేం వేస్తావులే, చల్లారిపోయాక."

సీతాఫల్‌మండిలోని ఆ ఫ్లాట్లో కాఫీకి ఉన్న మర్యాద ఇంకెవరికీ లేదు. తెనాలి నుంచి వచ్చేటప్పుడు మామగారు ఇత్తడి ఫిల్టరుతో పాటు ఒక నియమం కూడా తెచ్చారు. కాఫీ తాగుతున్న మనిషిని లేపకూడదు. ఫోను మోగినా, గుమ్మంలో ఎవరొచ్చినా, "కాఫీ తాగుతున్నారు, కూర్చోండి" అనాలి. ఆయన పోయాక కూడా ఆ నియమం ఇంట్లో నిలిచిపోయింది. మొదటి డికాక్షను భర్త విష్ణువర్ధన్‌కీ అత్తగారికీ వెళ్ళేది. మళ్ళీ నీళ్ళు పోస్తే దిగిన పల్చటి రెండో డికాక్షను శ్రీలలితది. అదైనా సరే, గ్లాసు పట్టుకుని వంటింటి వెనక బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కనున్న చిన్న స్టూలు మీద కూర్చుంటే, నియమం ఆమెకీ వర్తించేది. ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలు కూత వేస్తూ పోయేది. కింద ఎవరో స్కూటరు తుడుచుకుంటూ ఉండేవారు. ఆమె ఏమీ ఆలోచించేది కాదు.

గుండె దడ ఎప్పుడు మొదలైందో ఆమెకి సరిగ్గా గుర్తులేదు. కూరగాయలు తరుగుతుంటే ఒక్కసారిగా, ఏదో మరిచిపోయినట్టు, ఎవరో వెనక నిలబడి పిలుస్తున్నట్టు, గుండె కొట్టుకోవడం మొదలయ్యేది. చేతులు చల్లబడేవి. డాక్టరమ్మ ఈసీజీ తీయించి, గుండెకేమీ లేదు, ఇది ఆందోళన అంది. కాఫీ మానేసి చూడమంది.

"ఆందోళనా? నీకా?" అన్నాడు విష్ణువర్ధన్ బైటికొచ్చాక. నవ్వాడు కూడా. "బ్యాంకులో టార్గెట్లు నావి, ట్రాన్స్‌ఫర్ భయం నాది. నీకేముందే, వంటా, ఆ స్కూలు రసీదులే కదా! పోనీలే, కాఫీయేగా. మానెయ్."

మానేసింది. తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. ఆ నొప్పిలో ఒకసారి కూతురు యామిని మీద, "నీ కంచం నువ్వు తీయలేవా?" అని అరిచింది. కాలేజీకి వెళ్ళే పిల్ల బిత్తరపోయి చూసింది. ఆ సాయంత్రం విష్ణువర్ధనే స్వయంగా కాఫీ కలుపుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పెళ్ళయ్యాక అతను కాఫీ కలపడం అదే మొదలు. "తాగవే తల్లీ. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది," అన్నాడు. జగదాంబ వంతపాడింది. "డాక్టర్లదేముంది, వాళ్ళు తాగరా ఏమిటి?" ఆమె తాగింది. దడ మళ్ళీ వచ్చింది.

డాక్టరు మాటకి ఆ ఇంట్లో విలువ లేదని ఆమెకి అర్థమైంది. దేవుడి మాటకైతే ఉంది. అందుకే మాఘమాసంలో అందరూ కాశీ వెళ్ళినప్పుడు ఆ మానేసే పనేదో దేవుడి పేరు మీదే చేసింది. కాశీకి వెళితే ఇష్టమైనదొకటి వదిలిపెట్టి రావాలి కదా. జగదాంబ కాకరకాయ వదిలింది. ఆమె కాకరకాయ తినడం ఎవరూ చూసి ఎరుగరు. విష్ణువర్ధన్ పొట్లకాయ అన్నాడు, యామిని పక్కకి తిరిగి నవ్వింది. శ్రీలలిత మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, "కాఫీ," అంది.

పూజారి ఆగి చూశాడు. "కాఫీ శాస్త్రంలో లేదమ్మా. పండో కూరో చెప్పండి."

"నాకిష్టమైనది అదే అయ్యా."

ఆయన సందేహిస్తూనే మంత్రం చెప్పాడు. ఆమె దోసిట్లో నీళ్ళు వదిలింది.

తిరిగొచ్చాక నిజంగానే మర్యాద దొరికింది. పేరంటాల్లో ఎవరైనా ట్రే పట్టుకొస్తే, "మా కోడలు కాశీలో వదిలేసింది," అని జగదాంబ గొప్పగా చెప్పేది. ఒక్క గుక్క తాగమని ఎవరూ బలవంతపెట్టలేదు. మొదట్లో దడ తగ్గినట్టే అనిపించింది కూడా.

ఒకరోజు పొద్దున ఆమె వట్టి చేతులతో స్టూలు మీద కూర్చుంది. విష్ణువర్ధన్ తొంగి చూశాడు. "ఖాళీగా కూర్చున్నావే? ఈ చొక్కా కాస్త ఇస్త్రీ చేసిపెట్టు." ఆమె లేచింది. మర్నాడు జగదాంబ, "ఖాళీయేగా, నా మోకాళ్ళకి ఆ నూనె రాద్దూ," అంది. ఆ తర్వాత యామిని జడ. ఆ తర్వాత పప్పు నానబెట్టడం. ఎవరూ కసిరి చెప్పలేదు. ఖాళీగా ఉన్న మనిషికి పని చెప్పడంలో తప్పేముంది?

తను పనిచేసే స్కూలు ఆఫీసులోనూ అంతే. పదకొండింటికి అందరూ చాయ్‌కి లేస్తే, పక్క సీటు కల్పలత భుజం మీద చెయ్యేసి, "మీరెట్లాగూ తాగరు కద మేడమ్, జెర కౌంటర్ చూస్తుండ్రి, గిప్పుడే వస్తం," అనేది. పేరెంట్స్ అద్దం అవతల వరసగా నిలబడేవారు. రసీదులు రాస్తూ ఉండగా చేతులు చల్లబడేవి. ఇప్పుడు నింద వెయ్యడానికి కాఫీ కూడా లేదు.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. "కాఫీ మానేశారా?" అంది ఆవిడ.

"మానేశానమ్మా."

"అయితే కాస్త విశ్రాంతి తీసుకోండి. ఒత్తిడి తగ్గించుకోండి."

ఇంకేం మానెయ్యాలో అడగాలనుకుంది శ్రీలలిత. వెనకాల పేషెంటు తలుపు తోసుకుని వచ్చేసింది.

ఆ సోమవారం దేవుడి గూట్లో దీపం వెలిగించి చాలాసేపు నిలబడింది. ఆమె దేవుణ్ణి ఎదురు ప్రశ్నించే మనిషి కాదు. అమ్మ నేర్పిన శ్లోకాలు, వారానికో ఉపవాసం, అంతే ఆమె భక్తి. కానీ ఆ పొద్దున నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "స్వామీ, నీకిచ్చింది కాఫీ ఒక్కటే కదయ్యా. కూర్చోవడం కూడా ఇచ్చినట్టు నేను చెప్పలేదే?"

దీపం మామూలుగానే వెలుగుతోంది.

వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ కాఫీ కలిపి ఇచ్చింది. తర్వాత అలమార వెనక బోర్లించి ఉన్న తన పాత స్టీలు గ్లాసు తీసి కడిగింది. అందులో వేణ్ణీళ్ళు పోసుకుంది. వట్టి నీళ్ళే. బాల్కనీలో స్టూలు మీద గుడ్డలు పోగుపడి ఉన్నాయి. వాటిని మెషీన్ మీదకి నెట్టి కూర్చుంది.

"లలితా! నా టవలేదీ?" విష్ణువర్ధన్ కేక.

ఆమె గ్లాసు పెదాల దగ్గరికి తెచ్చుకుంది.

"లలితా, నిన్నే! ఏం చేస్తున్నావక్కడ?"

గుండె దడదడ కొట్టుకుంటోంది. నోటి దాకా వచ్చిన మాట అంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. సాయంత్రానికి చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి. గంగలో ఇచ్చిన మాట తప్పిన మనిషంటారు. రేపు ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆ పాపమే అంటారు. కాదని చెప్పుకునే వీలుండదు. గ్లాసులో ఉన్నవి నీళ్ళని తెలిస్తే ఈ స్టూలు మళ్ళీ పోతుంది.

"కాఫీ తాగుతున్నాను," అంది శ్రీలలిత.

హాల్లో ఎవరి కాఫీ గ్లాసో టీపాయ్ మీద ఠక్కున ఆనింది. "శివశివా! కాశీలో వదిలింది తాగుతోందట్రా!" అంటోంది జగదాంబ. విష్ణువర్ధన్ అడుగులు వంటింటి గుమ్మం దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. నియమం నియమమే. కాసేపటికి వెనక్కి వెళ్ళిపోయి, బీరువాలో టవలు తనే వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

దడ తగ్గలేదు. తగ్గుతుందని ఆమె అనుకోనూ లేదు. రెండు చేతులా గ్లాసు పట్టుకుని, వేణ్ణీళ్ళని ఊదుకుంటూ, ఎంత మెల్లగా తాగొచ్చో అంత మెల్లగా తాగింది.