గేరు ఫిక్స్‌డ్, ధర ఫిక్స్‌డ్

నేను ఒక పళ్ల చక్రాన్ని. సైకిలు వెనక చక్రం ఇరుసును పట్టుకుని, చైను ఎలా లాగితే అలా తిరిగేవాణ్ణి. నాకు పదిహేడు పళ్లు. మీ నోట్లో ఉన్నవాటికన్నా తక్కువే గానీ, నావి పుచ్చవు, వంకర తిరగవు, పనికిమాలిన మాటలకు అవకాశం ఇవ్వవు.

నా ఉక్కు విశాఖపట్నంలోనే కరిగిందని నన్ను తయారుచేసినవాళ్లు చెప్పుకునేవారు. అక్కణ్ణించి రైలెక్కి లూథియానా పోయి, ఒక రేకుల షెడ్డులో గుండ్రంగా కోయించుకుని, పళ్లు పెట్టించుకుని, నిప్పుల్లో కాలి, నూనెలో మునిగి, నల్లగా నిగనిగలాడుతూ మళ్లీ విశాఖపట్నానికే వచ్చాను. వెళ్లేటప్పుడు వట్టి ఇనప కడ్డీని. వచ్చేటప్పుడు నా అట్టపెట్టె మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. గౌరవమంతా వాటిదే.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మామూలు సైకిలుకి వెనకాల ఫ్రీవీల్ ఉంటుంది. పల్లం వస్తే కాళ్లు ఆపి హాయిగా కూర్చోవచ్చు, బండి తనంతట తాను పోతుంది. మా బండిలో ఆ సుఖం లేదు. నేను ఇరుసుకి మరతో బిగిసిపోయి ఉంటాను. చక్రం తిరిగితే నేను తిరగాలి, నాతో చైను, చైనుతో పెడలు, పెడలుతో మీ కాలు. బండి కదులుతున్నంతసేపూ కాలు ఆగడానికి వీల్లేదు. దీన్నే ఫిక్స్‌డ్ గేరు సైకిలంటారు. దారిలో మార్చుకోవడానికి ఇంకో గేరుండదు కనక, ఆ ఉన్న ఒక్కటీ ఏదో ముందే తేల్చుకోవాలి. ముందు పెద్ద చక్రానికి నలభై ఆరు పళ్లూ, వెనక నాకు పదిహేడూ ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం సుమారు రెండుముప్పావు చుట్లు తిరుగుతుంది. ఈ అంకె పెరిగితే బండి జోరుగా పోతుంది గానీ ఎత్తు వచ్చేసరికి కాళ్లు మొరాయిస్తాయి. తగ్గితే ఎత్తులు తేలికవుతాయి గానీ చదునులో కాళ్లు కుట్టుమిషనులా ఆడాలి. శాస్త్రం ఇంతే. మిగతాదంతా మనుషులు కలిపింది.

నన్ను కొన్నది పొట్నూరు గున్నేశ్వరరావుగారు. ఆయన స్థలాలు అమ్మే వ్యాపారి. మధురవాడ అవతల కొండవాలుల్లో సరిహద్దు రాళ్లు పాతించి, రాళ్ల మధ్య ఖాళీకి ఒక ఇంగ్లీషు పేరు పెట్టి అమ్ముతాడు. షుగరొచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెప్తే, నడక తన హోదాకి తక్కువని సైకిలు కొనడానికి వచ్చాడు. గేర్లున్న సైకిలుకన్నా గేర్లు లేని ఈ సైకిలు ఖరీదని షాపువాడు అనగానే, ఎందుకని కూడా అడగకుండా ఇదే కట్టించుకున్నాడు.

తీరా చూస్తే అది కార్లో పట్టలేదు. అప్పుడు ఆయన భార్య నూకరత్నం చున్నీ నడుముకి బిగించి ముందుకొచ్చింది. అనకాపల్లిలో చదువుకునే రోజుల్లో ఆమె కాలేజీకి సైకిలు మీదే వెళ్లేది. పెళ్లయ్యాక మళ్లీ ముట్టుకోలేదు.

"మీరు కారు తోలుకొచ్చీండి. నేను తొక్కుకొస్తాను," అంది.

మొదటి మలుపులోనే అలవాటుకొద్దీ కాళ్లు ఆపబోయింది. నేనూరుకుంటానా, పెడలుతో పైకి తోశాను. "ఓసి దీని దుంపతెగ!" అని నవ్వి, ఇక ఆపలేదు. సిరిపురం ఎత్తు ఆయాసపడుతూనే ఎక్కేసింది. అవతలి పల్లంలో కాళ్లు బిగబట్టి, ముందు బ్రేకు కొద్దిగా నొక్కుతూ, బండిని తన చెప్పుచేతల్లో ఉంచుకుని దిగింది. ఎంవీపీ కాలనీలో ఇంటి ముందు దిగేసరికి ఆమె ముఖం చెమటతో మెరిసిపోతోంది.

"ఎలా ఉంది?" అన్నాడు గున్నేశ్వరరావు.

"బాగుందండీ. కాలికి సరిగ్గా సరిపోయింది. ఇలాగే ఉంచీండి."

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నువ్వు తొక్కగలిగావంటే ఇందులో ఏదో లోపముంది," అన్నాడు.

ఆ లోపం పట్టుకోవడానికి మర్నాడే సంఖ్యాశాస్త్రం కాశీపతిగారిని పిలిపించాడు. ఆయన చెప్పనిదే ఆ ఇంట్లో సెల్లు నంబరు కూడా తీసుకోరు. కారు నంబరు కూడితే తొమ్మిది, లాకరు నంబరు కూడితే తొమ్మిది. గున్నేశ్వరరావు పేరులో ఇంగ్లీషున ఒక అక్షరం ఎక్కువుండటం కూడా ఆ తొమ్మిది కోసమే. కాశీపతి నా పక్కన గొంతుక్కూర్చుని, పెన్ను మూతతో నా పళ్లు ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టి, ఉలిక్కిపడి లేచాడు.

"పదిహేడు! ఒకటీ ఏడూ ఎనిమిది. శనిని కొనుక్కొచ్చి హాల్లో నిలబెట్టుకున్నారేటండీ బాబూ!"

లూథియానాలో నన్ను కాల్చినప్పుడు కూడా నాకంత వేడి పుట్టలేదు. ముందు నలభై అయిదు, వెనక పద్దెనిమిది పెట్టించమన్నాడు. నాలుగూ అయిదూ తొమ్మిది, ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. నన్ను విప్పడానికి షాపువాడు నానా తంటాలూ పడ్డాడు. కానీ రత్నమ్మగారి తొక్కుడికి నేను మరలో కరుచుకుపోయాను. చివరికి విసిగి, "ఈ ఇరుసుకి రెండో వైపు కూడా మరలున్నాయి సార్" అని, ఆ పద్దెనిమిది పళ్లవాణ్ణి అటు బిగించి, చక్రాన్ని తిప్పి పెట్టాడు. చైను వాడి మీదికి పోయింది. నేను ఇవతలి వైపు ఖాళీగా, జీతం లేని ఉద్యోగిలా, చక్రంతోపాటు ఊరికే తిరుగుతూ ఉండిపోయాను. జరిగినదంతా చూసే వీలు అలా దక్కింది.

ఆ తొమ్మిదుల జంట నిజానికి చెడ్డదేమీ కాదు. చిక్కల్లా ఒక్కటే. ఆ రెండు అంకెలూ మరీ చక్కగా భాగింపబడటంవల్ల, కాళ్లు బిగబట్టి చక్రాన్ని ఆపినప్పుడల్లా టైరులో అవే రెండు చోట్లు నేలకి రాసుకునేవి. మిగతా టైరంతా కొత్తగా ఉండగానే ఆ రెండు చోట్లా దారాలు బయటపడ్డాయి. "మంచి జరిగేముందు చిన్న నష్టముంటుంది," అన్నాడు కాశీపతి, టైరుని కూడా ఒకసారి తాకి చూసి.

అప్పుడే డాక్టర్ శశిభూషణ పట్నాయక్ ప్రవేశించాడు. ఆయన పళ్ల డాక్టరు, బీచ్ రోడ్డు సైకిలు క్లబ్బుకి అధ్యక్షుడు. నోట్లో పళ్లకి ఎంత అధికారంతో సలహా చెప్తాడో చక్రం పళ్లకీ అంతే అధికారంతో చెప్తాడు. మా బండిని చూసి పెదవి విరిచాడు.

"రెండున్నర గేరా? రావుగారూ, ఇది ఆడవాళ్ల గేరండీ. మీలాంటి మనిషికి మూడున్నరైనా ఉండాలి. ముందు నలభై తొమ్మిది, వెనక పధ్నాలుగు. మరింకోటి, ఆ బ్రేకేంటి? ఫిక్స్‌డ్ గేరుకి బ్రేకు పెట్టడమంటే సింహానికి గొలుసు వెయ్యడమే."

సింహం అన్న మాట గున్నేశ్వరరావుకి నచ్చింది. కాశీపతి మొదట గునిశాడు. నలభై తొమ్మిది విడిగా కూడితే నాలుగొస్తోంది, పధ్నాలుగు అయిదొస్తోంది. గున్నేశ్వరరావు మొహం చిన్నబోవడం చూసి, "ఉండండుండండి, రెండూ కలిపి కూడితే అరవై మూడు! ఆరూ మూడూ తొమ్మిది! ఇది ఇంకా గట్టి తొమ్మిది," అని తేల్చాడు. శాస్త్రం ఖాతాదారుణ్ణి ఎప్పుడూ చిన్నబుచ్చదు.

"ఎత్తులో తొక్కలేరండీ. పల్లంలో ఆపలేరు," అంది రత్నమ్మ కాఫీలు తెస్తూ.

"నీకు తెలీదులే," అన్నారు ముగ్గురూ ఒకేసారి. ఆ ముగ్గురూ ఏకాభిప్రాయానికి రావడం నేనదే చూడటం.

పద్దెనిమిదివాడు పోయి పధ్నాలుగువాడొచ్చాడు. బ్రేకు ఊడింది. ఆ ఉత్సాహంలో గున్నేశ్వరరావుకి ఒక వ్యాపార ఆలోచన తట్టింది. కొండవాలులో కొత్తగా వేసిన ప్లాట్లకి ప్రారంభోత్సవం పెట్టి, క్లబ్బువాళ్లందర్నీ వెంటేసుకుని, తను ముందు సైకిలు మీద కొండెక్కి దిగి స్వాగత తోరణంలోకి రావాలి. ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. సైకిలు మీద నల్ల కళ్లద్దాలతో ఆయన బొమ్మ, కింద "గేరు ఫిక్స్‌డ్, ధర ఫిక్స్‌డ్!" అని అక్షరాలు. ధర సంగతి ఆయనతో బేరమాడినవాళ్లకి తెలుసు.

ఆ ఆదివారం కొనేవాళ్లని బస్సుల్లో తెచ్చారు. టిఫిను పొట్లాలు పంచారు. డప్పులు మోగుతుండగా ర్యాలీ బయల్దేరింది. చదునున్నంతవరకూ మావాడు దొరలా పోయాడు. ఎత్తు మొదలవగానే మూడున్నర గేరు తన సంగతి చూపించింది. పెడలు మీద నిలబడ్డాడు, వేలాడాడు, హ్యాండిలుని అటూ ఇటూ పీకాడు. బండి కదలదు. క్లబ్బువాళ్లు ఒక్కొక్కరే నమస్కారం పెడుతూ దాటిపోయారు. ఆయన దిగి తోసుకుంటూ, ఎదురొచ్చినవాళ్లకి, "చైను వేడెక్కింది, చల్లారనిస్తున్నా," అని చెప్పుకున్నాడు. డాక్టరు పట్నాయక్ పక్కనించి చులాగ్గా ఎక్కిపోయాడు. ఆయనది బోలెడు గేర్లూ, రెండు బ్రేకులూ ఉన్న సైకిలు. "నాకివాళ మోకాలు కొంచెం బాలేదు రావుగారూ," అన్నాడు వెళ్తూ వెళ్తూ.

కొండ మీద ఆయాసం తీర్చుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గున్నేశ్వరరావు దిగడం మొదలెట్టాడు. కింద జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఒక చెయ్యెత్తి ఊపాడు. బండి వేగం పుంజుకునేకొద్దీ పెడళ్లు ఆయన కాళ్లని తిప్పడం మొదలెట్టాయి. ఎత్తిన చెయ్యి దించేశాడు. కాళ్లు బిగబట్టి ఆపబోయాడు. పధ్నాలుగు పళ్లవాడి దగ్గర ఏ కాలి బలమూ చాలదు. మరుక్షణం పెడళ్లు పాదాల్ని విదిలించి కొట్టాయి. రెండు కాళ్లూ గాల్లో రెక్కల్లా చాపుకుని, నోరు తెరుచుకుని, ఆయన దూసుకుపోతున్నాడు.

"కాళ్లు పెట్టండి! పెడళ్ల మీద కాళ్లు పెట్టండి!" అని వెనకనించి డాక్టరు అరుస్తున్నాడు, రెండు బ్రేకులూ నొక్కుకుంటూ.

కింద తోరణం. తోరణం మధ్యలో హారతి పళ్లెం పట్టుకుని రత్నమ్మ. ఆమె వెనకాల కుర్చీల్లో జనం, డప్పులవాళ్లు. కళ్లద్దాలు ఎగిరిపోయాయి కనక ఆయన ఆమెని స్పష్టంగా చూశాడు. ఆమె పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. మా చక్రం ఆ క్షణంలో ఎంత జోరుగా తిరుగుతోందంటే, నా పళ్లు నాకే విడివిడిగా తెలియలేదు.

"రత్నం!" అని అరిచి గున్నేశ్వరరావు హ్యాండిలుని పక్కకి విరిచేశాడు. ఎవర్నీ సంప్రదించకుండా, ఏ అంకే కూడకుండా ఆయన తీసుకున్న నిర్ణయం నాకు తెలిసి అదొక్కటే. అదే సరైనది. తన బొమ్మున్న ఫ్లెక్సీని మధ్యకి చీల్చుకుని, వెనకాల గుట్టపోసిన ఇసకలో పడ్డాడు. పళ్లెం విసిరేసి రత్నమ్మ పరిగెత్తుకొచ్చింది.

"నీకేం తగల్లేదు కదా?" అన్నాడు ఆయన. నోట్లో ఇసకా, నెత్తురూ. ముందు పళ్లు రెండు కనబడలేదు.

ఆమె ఇసకలోనే చతికిలబడింది. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, కొంగుతో మొహం తుడుస్తూ, నోరారా తిట్టింది. ఆ తిట్ల మధ్యలో ఏడ్చింది కూడా.

మెడ కింద విరిగిన ఎముక అతకడానికి చెయ్యి మెడకి కట్టారు. ఆ రెండు పళ్లూ డాక్టరు పట్నాయకే కట్టాడు. స్నేహితుడు కదా అని ముందుకొచ్చాడు గానీ, బిల్లు మాత్రం మామూలుదే వేశాడు.

పరామర్శకి కాశీపతి వచ్చాడు. హాల్లో నన్ను చూసి, గొంతు సవరించుకుని, ఇంటిపేరులో ఇంకో అక్షరం కలిపితే దోషం పోతుందన్నాడు. రత్నమ్మ ఆయన ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాశీపతిగారూ, నలభై అయిదూ పద్దెనిమిదీ ఎంతండీ?"

"అరవై మూడమ్మా."

"నలభై తొమ్మిదీ పధ్నాలుగూ?"

"అదీ అరవై మూడే."

"మొదట షాపువాడిచ్చింది, నలభై ఆరూ పదిహేడూ?"

కాశీపతి పెదాలు కదిలాయి. కాఫీ కప్పు కింద పెట్టాడు. "అరవై మూడు."

"అన్నీ తొమ్మిదే కదా. ఇందులో ఈయన్ని పడదోసిన తొమ్మిదేదో, నన్ను క్షేమంగా ఇంటికి తెచ్చిన తొమ్మిదేదో కొంచెం చెప్పీండి."

గున్నేశ్వరరావు నవ్వాపుకోబోయి భుజం నొప్పితో మూలిగాడు. కాశీపతి కాఫీ సగంలో వదిలేసి లేచాడు. ఆ తర్వాత ఆ ఇంటికి రాలేదు గానీ, వీధి చివర ఇంకో ఇంటికి వస్తున్నాడని విన్నాను.

రత్నమ్మ బండిని షాపుకి తోలించి, వంగిన ముందు చక్రం బాగుచేయించి, బ్రేకు మళ్లీ పెట్టించింది. ముందు పాత నలభై ఆరు వేయించి, పధ్నాలుగువాణ్ణి విప్పించి షాపులోనే వదిలేసి, వెనక చక్రం తిప్పి పెట్టమంది. చాలా కాలానికి నా మీద చైను పడింది. కరువు తీరినట్టయింది. వాహనాల్ని రానివ్వని వేళలో, తెల్లవారుతుండగా, ఆమె నన్ను బీచ్ రోడ్డుకి తీసుకుపోయేది. చేపల మార్కెట్టుకి, లైబ్రరీకి, ఊరికే గాలికి కూడా తీసుకుపోయేది. క్లబ్బు మగవాళ్లు ఆపి, "ఏ గేరండీ మీది?" అని అడిగితే, "తొక్కితే ఎల్తందండీ," అని సాగిపోయేది.

సముద్రపు గాలికి ఉక్కైనా కరగాల్సిందే. ఏళ్లు గడిచేసరికి నా పళ్లు సన్నబడి, ఒక వైపుకి వాలిపోయాయి. చైను జారడం మొదలెట్టింది. నిన్న దంపతులిద్దరూ షాపుకి వచ్చారు. ఆయనిప్పుడు ముందు బుట్టా, రెండు బ్రేకులూ ఉన్న మామూలు సైకిలు తొక్కుతున్నాడు. షుగరు కూడా తగ్గిందట. ఈసారి పొడుగాటి రెంచీతో నన్ను విప్పారు. షాపువాడు అద్దాల బీరువా ముందు నిలబడి గున్నేశ్వరరావునే అడిగాడు.

"కొత్తది ఎన్ని పళ్లది వేయమంటారు సార్?"

గున్నేశ్వరరావు నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, రత్నమ్మ వైపు చూపించాడు. "నన్నడగొద్దు బాబూ. తొక్కేది ఆవిడ."

"అలాంటిదే ఇంకోటి," అంది ఆమె, సంచీ సర్దుకుంటూ.

నన్ను గుమ్మం పక్కన పాత ఇనప సామాను డబ్బాలో పడేశారు. ఇక్కణ్ణించి బీరువా కనిపిస్తోంది. అందులో పద్దెనిమిదివాడూ, పధ్నాలుగువాడూ మిలమిలా మెరుస్తూ కొత్తవాళ్లలా కూర్చున్నారు. వాళ్లని చూసి ఈర్ష్యపడే వయసు నాకు దాటిపోయింది. రేపో మాపో కరిగించడానికి తీసుకుపోతారు. ఆ తర్వాత తలుపు గొళ్లెం చేస్తారో, వంటింటి అట్లకాడ చేస్తారో, ఏం చేసినా పళ్లుంటే చాలుననుకుంటాను, లేకపోయినా ఫరవాలేదనుకుంటాను.

నిన్న వాళ్లు బయల్దేరేటప్పుడు వీధిలోంచి మాటలు వినిపించాయి.

"రత్నం, కొంచెం ఆగవే. కలిసి వెళ్దాం."

"ఇది ఆగనివ్వదండీ. మీరే తొక్కీండి!"

ఆయన గంట కొట్టుకుంటూ ఆమె వెనకాలే పోయాడు.