బోటుతో పాటు పోయిన గోవిందు

పద్మినిని రిసెప్షన్ కుర్చీలో కూర్చోబెట్టిన రోజున ఆఫీసులో ఎవరూ ఆమె ముఖం వైపు చూడలేదు. దీవిలోని మిడిల్ పాయింట్ బజారులో మందుల షాపు పైన ఉన్న చిన్న కంపెనీ అది. దుకాణాలకీ, సంఘాలకీ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిపెట్టేది. ముందురోజు దాకా ఆమె అక్కడ డిజైనర్. ఇప్పుడు పని ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం.

అంతకు కొన్నాళ్ళ ముందు మత్స్యకారుల సంఘం నుంచి కంపెనీకి ఒక పని వచ్చింది. ఏ బోటు ఎవరిది, దాని మీద వేటకి వెళ్ళే కలాసీలెవరు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రాలేదు, ఇవన్నీ కంప్యూటర్‌లో ఉండాలని సంఘం కోరిక. ప్రోగ్రాము రాసే ముందు ఎవరో ఒకరు వెళ్ళి ఆ లోకాన్ని అర్థం చేసుకుని బొమ్మ గీయాలి. ఏయే వస్తువులు, ఏయే మనుషులు ఉన్నారో పెట్టెలుగా, వాళ్ళ మధ్య సంబంధాలు గీతలుగా. పద్మిని అందుకోసం జంగ్లీఘాట్ చేపల జెట్టీ మీద ఎన్నో ఉదయాలు గడిపింది. ఆమె పుట్టింది తుష్నాబాద్‌లోనే అయినా, తాత శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ దీవులకి వచ్చినవాడు. జెట్టీ మీద వినిపించే మాట ఆమెకి ఇంట్లో మాటే.

గోవిందు అనే ముసలి కలాసీ దగ్గర ఆమెకి అసలు సంగతి దొరికింది. మీరు ఏ బోటు మనిషని అడిగితే ఆయన నవ్వాడు.

"నాకో బోటేటి తల్లీ. ఎవులికి మనిసి తక్కువైతే ఆల బోటెక్కుతాను. ఈ సీజను కన్నారావు బోటు, వచ్చే సీజను ఇంకెవులిదో."

ఆ మాటతో పద్మిని అంతకుముందు గీసిందంతా కొట్టేసింది. కలాసీ బోటుకి అతికించిన వస్తువు కాదు, వేరే మనిషి. అతనికి తన పెట్టె తనకుండాలి. ఒక బోటు మీద చాలామంది కలాసీలు, ఒక కలాసీ చాలా బోట్ల మీద. ఆ గీత సరిగ్గా కుదిరాక మిగతాదంతా దానంతటదే వచ్చి కూర్చుంది. తన పనిని చూసుకుని ఆమె అంత సంతోషపడ్డ రోజు అంతకుముందు లేదు.

అంతలో నాయనమ్మ కాసులమ్మ స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. పద్మిని సెలవు పెట్టి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి టీమ్ లీడర్ వీరేంద్ర ఆ బొమ్మని తన పేరుతో సంఘానికి చూపించేశాడు. అది అందరికీ నచ్చింది. యజమాని గణేశ్వరరావు దాన్ని పెద్దగా అచ్చు వేయించి ఆఫీసు గోడకి తగిలించాడు కూడా.

పద్మిని నేరుగా యజమాని గదిలోకి వెళ్ళి అది తను గీసిందని చెప్పింది. వీరేంద్రని పిలిపించారు. అతను గొంతు పెంచలేదు. ఆమె జెట్టీ మీద తనవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుందని, తెచ్చిన గీతలకి తలాతోకా లేకపోతే తనే కూర్చుని సరిచేశానని చెప్పాడు. ఆ తర్వాత అన్న మాట పద్మిని మరిచిపోలేదు.

"ఆమెకి ఈ పని ఏమీ రాదు సార్. ఫోన్‌లో మాత్రం అచ్ఛా మాట్లాడుతుంది. రిసెప్షన్‌కి సరిపోతుంది."

గణేశ్వరరావుకి బొమ్మ చదవడం రాదు. టీమ్ లీడర్ మాట నమ్మడం ఆయనకి తేలిక.

రిసెప్షన్‌లో మొదటి రోజు ముగిసిన సాయంత్రం తుష్నాబాద్ బస్సులో పద్మిని కిటికీ పక్కన కూర్చుంది. ఏడుపు రాలేదు. వీరేంద్ర అన్న మాట మాత్రం చేదుగా లోపల మిగిలిపోయింది. ఉద్యోగం మానెయ్యమని నాన్న చెప్పాడు. ఆమె మాననంది. మానేస్తే వీరేంద్ర పడిపోయే రోజుని తను చూడటం కుదరదు. ఆ రోజు ఎలా వస్తుందో అప్పటికి తెలియదు కానీ, వచ్చేటప్పుడు తను అదే గదిలో ఉండాలనుకుంది.

వీరేంద్ర రోజూ ఆమె బల్ల ముందు నుంచే నడిచి వెళ్ళేవాడు. ఆమె గుడ్ మార్నింగ్ చెప్పేది, నవ్వేది. నవ్విన ప్రతిసారీ ఆ చేదు ఇంకొంచెం గట్టిపడేది.

దారి అతనే తెచ్చి ఇచ్చాడు. ఒక మధ్యాహ్నం టీ తాగుదాం రమ్మని కింద బంకు దగ్గరికి పిలిచాడు. సమోసా కొని ఆమె చేతిలో పెట్టాడు. అంతవరకూ పేరు పెట్టి పిలిచినవాడు మొదటిసారి దీదీ అన్నాడు. కాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి విషయానికొచ్చాడు. బొమ్మ ఉంది, సరే. దాన్ని ఇప్పుడు కంప్యూటర్‌లో పేర్లు దాచే టేబుళ్ళుగా, అంటే పట్టికలుగా మార్చాలి. అతనికి స్క్రీన్లు చేయడం వచ్చు, రంగులూ బటన్లూ వచ్చు. ఆ పెట్టెలూ గీతలూ టేబుళ్ళు ఎలా అవుతాయో తెలియదు. సార్ రోజూ అడుగుతున్నాడు.

పద్మినికి జవాబు నాలుక చివరే ఉంది. ఒక్కో పెట్టె ఒక్కో టేబుల్ అవుతుంది. ఒక యజమానికి చాలా బోట్లుంటే, యజమాని నంబరు బోట్ల టేబుల్లోకి వెళుతుంది. కలాసీలకీ బోట్లకీ మధ్య ఉన్న గీత మాత్రం రెంటిలో దేనిలోనూ ఇమడదు, అదే ఒక మూడో టేబుల్ అవుతుంది. ప్రతి విషయం ఒక్కచోటే ఉండాలి. చెప్పడానికి అర నిమిషం చాలు.

ఆమె సమోసా ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

"ఒక్క టేబులే పెట్టెయ్ భయ్యా. చిన్న సంఘం కదా. అన్ని టేబుళ్ళు చేసి వాటిని కలుపుకుంటూ కూర్చుంటే స్లో అయిపోతుంది. వరసలో బోటు పేరు, ఓనరు, ఫోన్, కలాసీ, సబ్ కుచ్ ఏక్ జగహ్, అన్నీ ఒకేచోట. సార్‌కి కూడా చూడగానే అర్థమవుతుంది."

"పక్కానా?"

"నీకు అబద్ధం చెప్తే నాకేం వస్తుంది?"

అతని భుజాలు తేలికపడటం ఆమె చూసింది. వెళ్ళబోతూ, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పనని ఆమె మాటిచ్చింది. మెట్లెక్కుతుంటే ఆమెకి కాళ్ళు నేల మీద ఆనుతున్నట్టే లేదు.

సంఘం ఇచ్చిన పేర్లన్నీ ఆ ఒక్క టేబుల్లోకి ఎక్కించే పని సుష్మకి పడింది. సుష్మ టైపింగ్ చేసే అమ్మాయి. పద్మిని రిసెప్షన్‌కి మారాక కూడా ఆమెతో కలిసి అన్నం తిన్నది ఆఫీసులో సుష్మ ఒక్కతే. కన్నారావు బోటు మీద ఎంతమంది కలాసీలుంటే అన్నిసార్లు కన్నారావు పేరు, అన్నిసార్లు అతని ఫోన్ నంబరు కొట్టాల్సి వస్తోందని, వేళ్ళు పడిపోతున్నాయని ఆమె రోజూ అనేది. ఇదెక్కడి పద్ధతి దీదీ అని అడిగేది. పద్మిని తన డబ్బాలోని చేప వేపుడు ఆమె కంచంలో వేసి, మాట మార్చేది.

ప్రోగ్రాము చూపించే రోజు దగ్గర పడింది. ఆ ముందు ఆదివారం పద్మిని చేపలు కొనడానికన్నట్టు జంగ్లీఘాట్ వెళ్ళి సంఘం కార్యదర్శి శివాజీని కలిసింది. ఆయన మొహమాటం లేని మనిషి. నచ్చకపోతే ఎంతటివాడికైనా మొహం మీదే చెప్తాడు. కన్నారావు బోటు పాడైపోయి విప్పేశారని అక్కడ అందరికీ తెలుసు. చూపించే రోజున ఆ బోటుని పేర్లలోంచి తీయించి చూడమని, ఆ తర్వాత కలాసీలున్నారో లేదో వెతికించమని పద్మిని ఆయనకి చెప్పింది. ఎందుకని ఆయన అడిగాడు. కొత్త బోటు కొనేటప్పుడు నీళ్ళలో దించకుండా కొంటారా అని ఆమె తిరిగి అడిగింది. శివాజీ సరేనన్నాడు.

సంఘం హాల్లో ఆ రోజు కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. తెర మీద ప్రోగ్రాము బాగానే మెరిసింది. వీరేంద్ర ఇస్త్రీ చొక్కాలో, చేతిలో మైకుతో, హిందీ కలిపిన తెలుగులో హుషారుగా చెప్పుకుపోతున్నాడు. గణేశ్వరరావు ముందు వరసలో కూర్చున్నాడు. పద్మినిని మీటింగులో మాటలు రాసుకోవడానికి తీసుకొచ్చారు. ఆమె తలుపు పక్కన కూర్చుంది.

శివాజీ ముందుగా తేలికైనది అడిగాడు. కన్నారావు ఫోన్ నంబరు మారింది, మార్చమన్నాడు. వీరేంద్ర మార్చాడు. మళ్ళీ వెతికితే తెర మీద కన్నారావుకి రెండు నంబర్లు వచ్చాయి. ఒక వరసలో కొత్తది, మిగతా అన్ని వరసల్లో పాతది. ఏది నిజమని ఎవరో అడిగారు. వీరేంద్ర నవ్వుతూ ఒక్కొక్క వరసా చేత్తో మార్చుకుంటూ వెళ్ళాడు. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

అప్పుడు శివాజీ కన్నారావు బోటుని తీసెయ్యమన్నాడు. ఇది సులువైన పనని వీరేంద్ర ఊపిరి పీల్చుకుని, ఆ బోటు పేరున్న వరసలన్నీ ఒక్క దెబ్బకి చెరిపేశాడు.

"ఇప్పుడు గోవిందుని చూపించు."

వెతికాడు. ఆ పేరుతో ఎవరూ లేరని వచ్చింది. స్పెల్లింగు మార్చి వెతికాడు. అదే జవాబు. ఆ సీజన్లో గోవిందు కన్నారావు బోటు ఒక్కటే ఎక్కాడు. బోటు పోయింది, దాని వరసలోనే ఉన్న మనిషీ పోయాడు.

గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళలోంచి గోవిందు ముందుకి వచ్చాడు. "నానిక్కడే ఉన్నాను గదేటి బాబూ."

హాలంతా నవ్వింది. శివాజీ నవ్వలేదు. వీరేంద్ర గబగబా గోవిందు పేరు మళ్ళీ ఎక్కించబోయాడు. బోటు పేరు ఇవ్వనిదే ప్రోగ్రాము తీసుకోలేదు. చేసేది లేక వేరే ఎవరిదో బోటు పేరు కొట్టాడు. ఆ బోటు నానెప్పుడూ ఎక్కనేదని గోవిందు నెమ్మదిగా అన్నాడు.

"రేపు గాలివాన వచ్చి బోటు మునిగిందనుకో," అన్నాడు శివాజీ, "దీన్ని చూసి ఈ మనిషి కోసం వెతుకుతారా, అసలు పుట్టలేదనుకుంటారా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. గణేశ్వరరావు లేచి, మనిషినీ బోటునీ ఇలా ఒకే వరసలో కుక్కమని నీకెవరు చెప్పారని వీరేంద్రని అడిగాడు. వీరేంద్ర తలుపు వైపు చూశాడు. పద్మిని చూపు తిప్పుకోలేదు. ఇన్నాళ్ళూ ఆమె ఎదురుచూసింది ఆ ముఖం కోసమే. అందులో రంగు పోవడం, అర్థమవడం, ఆ తర్వాత భయం, అన్నీ ఒకదాని వెంట ఒకటి ఆమె కళ్ళారా చూసింది.

"పద్మిని చెప్పింది సార్," అన్నాడు.

"ఆమెకి ఏమీ రాదని నువ్వే కదా చెప్పావు? రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగి చేశావా ఇదంతా?"

బొమ్మ తనదైతే ఆమెని అడగాల్సిన పనేమిటి? ఆమెని అడిగాడంటే బొమ్మ ఎవరిది? ఏ వైపు జవాబు చెప్పినా వీరేంద్ర మెడకే చుట్టుకుంటుంది. మైకు బల్ల మీద పెట్టేశాడు.

శివాజీ పద్మిని వైపు తిరిగి, ఇది సరిచేయడం నీకు వచ్చా అమ్మా అని అడిగాడు. ఆమె లేచి బోర్డు దగ్గరికి నడిచింది. కలాసీలకి ఒక టేబుల్ గీసింది, అందులో గోవిందు పేరు, అతనికో నంబరు. బోట్లకి ఒకటి, యజమానులకి ఒకటి. యజమాని ఫోన్ ఒక్కచోటే. కలాసీకీ బోటుకీ మధ్య ఇంకొకటి, అందులో ఎవరు, ఏ బోటు, ఏ రోజు అన్నవి మాత్రమే. బోటు విప్పేస్తే అది విప్పేసినట్టు దాని ఎదురుగా రాస్తామని, మనిషి మాత్రం ఎక్కడికీ పోడని చెప్పింది. చెబుతున్నంతసేపూ వీరేంద్ర వైపే చూస్తూ చెప్పింది. ముందు వరసలో ఒకతను, ముందు మనకి చూపించిన బొమ్మ కూడా ఈ పిల్లదే అయ్యుంటుందని పక్కవాడితో అనడం అందరికీ వినిపించింది.

మర్నాడు గణేశ్వరరావు వీరేంద్రని రిసెప్షన్‌లో కూర్చోమన్నాడు. అలా కూర్చోబెట్టమని అడిగింది పద్మినే. అప్పుడే తను పని మొదలుపెడతానంది. అతను ఆ వారం కూడా ఉండలేదు. రంగత్‌లో బావగారి షాపులో చేరాడని తర్వాత తెలిసింది. వెళ్ళేరోజు మెట్ల మీద ఎదురుపడి, నువ్వు కావాలనే చేశావు కదా అన్నాడు.

"అవును," అంది పద్మిని. "నేనే చేశాను."

అతను ఇంకేదైనా అంటాడేమోనని ఆగింది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమెకి కొంచెం నిరాశ కలిగింది.

మిగిలింది సుష్మ. ఆ ఒక్క టేబుల్లో చాలా బోట్లెక్కిన ఒకే కలాసీ పేరు ఒక్కో వరసలో ఒక్కోలా ఉంది. సంఘం ఇచ్చిన పేర్లన్నీ మళ్ళీ మొదటి నుంచీ సరిచూసి ఎక్కించాలి. రెండోరోజు సుష్మ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది.

"నీకు ముందే తెలుసా దీదీ?"

"తెలుసు."

"నేను రోజూ నీ పక్కనే కూర్చుని వేళ్ళు నొప్పులని చెప్పాను. ఒక్క మాట అనుంటే పోయేదేముంది?"

"నువ్వు వాడికి చెప్పేసేదానివి."

సుష్మ ఆలోచించింది. "చెప్పేదాన్నే," అంది. తర్వాత తన అన్నం డబ్బా తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళింది.

సగం పేర్లు పద్మిని తనే కూర్చుని ఎక్కించింది. ప్రోగ్రాము సంఘంలో నడుస్తోంది. కన్నారావు కొత్త బోటు కొన్నాడు. గోవిందు వేరేవాళ్ళ బోటెక్కుతున్నాడు. సుష్మ ఇప్పుడు పని మాటలు మాట్లాడుతుంది, అన్నం మాత్రం విడిగా తింటుంది. వీరేంద్ర విషయంలో పద్మినికి ఏ బాధా లేదు, మళ్ళీ ఆ టీ బంకు దగ్గరికి పిలిచినా అదే జవాబు చెబుతుంది. కాకపోతే ఈసారి ముందు సుష్మని ఆ టైపింగు పని నుంచి ఎలాగోలా తప్పిస్తుంది.